డెల్టా గృహములు - ఆర్థిక ప్రణాళికా విద్య

ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిమ్మట కృష్ణా డెల్టాలోని గృహములలో ఒకే ప్రశ్న వినవచ్చును: పిల్లలను ఏ చదువునకు పంపవలెను? చాలకాలముగా ఈ ప్రశ్నకు మన ప్రాంతమున రెండే సమాధానములు వాడుకలో ఉన్నవి. ఒకటి ఇంజనీరింగు, రెండవది వైద్యము. ఆ రెంటికిని పోని విద్యార్థి బి.కాం. తరగతిలో చేరినాడన్నచో, ఏ బ్యాంకులోనో గుమాస్తా పని దొరకకపోదని పెద్దలు సమాధానపడుదురు. ఆ వాణిజ్యశాస్త్రమునుండియే ఒక కొత్త కొమ్మ వెలువడి పెరుగుచున్నది. దానికి ఆర్థిక ప్రణాళికా విద్య అని పేరు. ఒక కుటుంబము తన రాబడిని, వ్యయమును, అప్పును, పొదుపును, మదుపును, బీమాను, పన్నును, వారసత్వమును ఒక్కచోట చేర్చి చూచుకొని, రాబోవు ఇరువది ముప్పది సంవత్సరములకు దారి ఏర్పరచుకొనుటకు తోడ్పడు శాస్త్రమిది. ఈ చదువు ఎట్టిది, మన ప్రాంతమున దీనిని ఎట్లు చదువవచ్చును, చదివినవారివలన డెల్టా గృహములకు ఒనగూడు మేలేమి అను విషయములను ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

ధనమును గూర్చిన ఆలోచన మన గడ్డకు కొత్తది కాదు. బందరులో వైద్యవృత్తి చేయుచుండిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకును, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపనకును, 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీ స్థాపనకును పూనుకొన్నారు. రోగికి నాడి చూచు వైద్యుడు రైతు అప్పును కూడ ఒక రోగముగానే గుర్తించినాడన్నమాట. ఆ తరువాత కాలము మారినది. 1956లో జీవిత బీమా వ్యాపారము జాతీయమై జీవిత బీమా సంస్థ ఏర్పడినది. 1980లో ఆంధ్రా బ్యాంకు జాతీయమై, 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమైనది. నూరేండ్లలో బ్యాంకులు వచ్చినవి, బీమా వచ్చినది, మ్యూచువల్ ఫండులు వచ్చినవి, చేతిలోని ఫోనుతో వాటాలు కొనునట్టి సదుపాయము వచ్చినది. ఇవన్నియు సరకులు అమ్ము దుకాణముల వంటివి. ఈ ఇంటికి ఏ సరకు అవసరము, ఎంత అవసరము, ఏది అక్కరలేదు అని నిష్పక్షపాతముగా చెప్పువారు మాత్రము అరుదు. ఆ లోపమును తీర్చుటకే ఈ విద్య పుట్టినది.

దీని పుట్టుక అమెరికా దేశమున జరిగినది. 1969 డిసెంబరులో చికాగో నగరమున పదుమూడుగురు కూడి, బీమా అమ్మువారొకరు, వాటాలు అమ్మువారొకరు అను పద్ధతి విడిచి కుటుంబమునకు సమగ్రమైన సలహా ఇచ్చు వృత్తి యొకటి ఉండవలెనని తలచినారు. ఆ తలంపునుండి వెలసిన కళాశాలలో 1973లో 42 మంది మొదటి తరగతిగా ఉత్తీర్ణులైనారు. క్రమముగా విశ్వవిద్యాలయములు దీనిని పట్టవిద్యగా బోధింప మొదలిడినవి. ఆస్ట్రేలియాలో 2019 జనవరి 1వ తేదీనుండి ఈ వృత్తిలోనికి కొత్తగా వచ్చువారికి ఆమోదిత పట్టము తప్పనిసరి చేసినారు. మన దేశమున సెబీ అని వాడుకలో పిలువబడు సెక్యూరిటీల నియంత్రణ మండలి 2013లో పెట్టుబడి సలహాదారులకు ప్రత్యేక నిబంధనలు చేసినది. 2020లో ఆ నిబంధనలను బిగించి పోస్టుగ్రాడ్యుయేటు అర్హతయు ఐదేండ్ల అనుభవమును కావలెననిరి. 2024 డిసెంబరులో వానిని సడలించి పట్టభద్రులకును అవకాశము కల్పించినారు. పట్టముతో పాటు, సెబీ స్థాపించిన జాతీయ సెక్యూరిటీ మార్కెట్ల విద్యాసంస్థ జరుపు పరీక్షలలో ఉత్తీర్ణత పొందవలెను. సెబీవద్ద పేరు నమోదు చేసికొనవలెను.

ఇక మన విద్యార్థి ఎక్కడ చదువవలెను? విజయవాడలో కళాశాలలకు కొదువలేదు. 1937లో స్థాపితమైన ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాల, 1953 నాటి ఆంధ్ర లయోలా కళాశాల, స్త్రీల కొరకు 1962లో వెలసిన మారిస్ స్టెల్లా కళాశాల, 1975 నాటి పి.బి. సిద్ధార్థ కళాశాల వాణిజ్యశాస్త్రము బోధించుచున్నవి. బందరులో 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఆర్థిక ప్రణాళిక అను పేరుతోనే పట్టమిచ్చు చోట్లు మన దేశమున మిక్కిలి తక్కువ. సాధారణముగా మన విద్యార్థులు బి.కాం. పట్టమునకో, వ్యాపార నిర్వహణ పట్టమునకో చేరి, దానికి తోడుగా పైన చెప్పిన వృత్తి పరీక్షలకు చదువుదురు. కావున బోర్డుమీద పేరు చూచి కళాశాలను ఎన్నుకొనుటకంటె, పాఠ్యక్రమమును తెప్పించి చూచుట మేలు. అందులో ఈ విషయములు ఉన్నవో లేవో పరిశీలింపవలెను: లెక్కల నిర్వహణ, కాలముతో ధనము విలువ మారు గణితము, బీమా సూత్రములు, ఆదాయపు పన్ను, మదుపు సాధనములు, వారసత్వ చట్టము, ధనము విషయమున మనుష్యుల ప్రవర్తన. ఈ ఏడును కలిసినప్పుడే అది ఆర్థిక ప్రణాళిక అగును. వీనిలో ఒక్క మదుపును మాత్రమే పట్టుకొని మిగిలినవి విడిచినచో అది సగము చదువు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. 2021-22 విద్యాసంవత్సరము మొదలు మన రాష్ట్రమున డిగ్రీ చదువులను ఆంగ్ల మాధ్యమమునకు మార్చినారు. విద్యార్థి ఈ శాస్త్రమును ఆంగ్లమున చదువును. పాఠ్యపుస్తకమున కనుపించు కుటుంబము నెలనెలా జీతము తెచ్చుకొను పట్టణ కుటుంబము. అతడు సాయంకాలము బస్సు దిగి చేరు ఇల్లు అట్టిది కాదు. అక్కడ రాబడి పంటతో వచ్చును, అప్పు పొరుగువారివద్ద దొరకును, పొదుపు చీటీలోను బంగారములోను ఉండును, మాట తెలుగున నడచును. పుస్తకమునకును ఇంటికిని నడుమ ఉన్న ఈ దూరమును దాటగలిగిననాడే అతని చదువు పూర్తియైనట్లు. ఇది ఎట్లో కొన్ని ఉదాహరణములతో చూతము.

మొదటిది వడ్డీ లెక్క. బ్యాంకువారు వడ్డీని సంవత్సరమునకు నూటికింత అని చెప్పుదురు. మన ఊళ్లలో "రూపాయి వడ్డీ", "రెండు రూపాయల వడ్డీ" అందురు. అనగా నూటికి నెలకు ఒక రూపాయి, రెండు రూపాయలు అని అర్థము. వినుటకు రెండు అను అంకె తొమ్మిదికంటె చిన్నదిగా తోచును. కాని రెండు రూపాయల వడ్డీ సంవత్సరమునకు 24 శాతము. దానిని నెలనెలా అసలులో కలుపుచు పోయినచో ఏడాదికి 26.8 శాతమునకు పైబడును. మూడేండ్లలో అప్పు రెట్టింపగును. ఐదు రూపాయల వడ్డీ అన్నచో సంవత్సరమునకు 60 శాతము. 2015 డిసెంబరులో విజయవాడను కుదిపిన "కాల్ మనీ" వ్యవహారము పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. అడిగిన తక్షణమే తిరిగి చెల్లింపవలెనను షరతుతో అధికవడ్డీలకు అప్పులిచ్చి, తీర్చలేనివారిని, విశేషించి స్త్రీలను, వేధించిన ఉదంతములు అప్పుడు బయటపడినవి. అప్పు తీసికొనిన వారెల్లరు లెక్క తెలియనివారని మేము అనుట లేదు. అక్కర వచ్చిననాడు మనిషి లెక్క చూడడు. అందుచేతనే అక్కర రాకముందు లెక్క చూచు మనిషి ఒకరు ఇంటిలో ఉండవలెను.

రెండవది రాబడి వచ్చు కాలము. ప్రకాశం బ్యారేజి వద్ద కాలువలకు నీరు వదలిన పిమ్మట సార్వా సాగు మొదలగును. ధాన్యము చేతికి వచ్చి సొమ్ముగా మారుసరికి డిసెంబరో జనవరియో అగును. మినుము చేసినవారికి మరికొంత వేసవి ఆరంభమున ముట్టును. ఊహకు ఒక కౌలు కుటుంబమును తీసికొందము. కౌలును, పెట్టుబడి అసలును పోగా ధాన్యముమీద 1,80,000 రూపాయలును, మినుముమీద 60,000 రూపాయలును మిగిలినవనుకొందము. మొత్తము 2,40,000. పాఠ్యపుస్తకము దీనిని పన్నెండుచే భాగించి నెలకు 20,000 రూపాయల రాబడి అని చెప్పును. ఇంటి ఖర్చు నెలకు 18,000 అయినచో ఏడాదికి 24,000 మిగులవలెను. కాగితముమీద ఈ లెక్క నిర్దుష్టమే. కాని జూనులో నారుమడికి, దుక్కికి, ఎరువునకు లక్ష రూపాయలు కావలెను. ఆ నెలలోనే పిల్లల ఫీజులు కట్టవలెను. ఇంటి ఖర్చుకు ఉంచుకొనిన సొమ్ము ముట్టరాదు కావున ఆ లక్ష అప్పుగా తేవలెను. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో డిసెంబరు వరకు ఆరు నెలలకు 12,000 రూపాయల వడ్డీ అగును. ఏడాది మిగులులో సరిగా సగము అందులోనే పోయినది. కిసాన్ క్రెడిట్ కార్డుపై బ్యాంకు పంట ఋణము తీసికొని గడువులోగా చెల్లించిన రైతుకు ప్రభుత్వ రాయితీ పోను 4 శాతమే పడును. ఆరు నెలలకు 2,000 రూపాయలు. తేడా పదివేలు.

ఇంత తేడా ఉండగా అందరు బ్యాంకునకే పోవచ్చును గదా అని పట్టణవాసులు అడుగవచ్చును. కౌలుదారునకు భూమి తనది కాదు; పాసుపుస్తకము యజమానివద్ద ఉండును. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము పదునొకండు నెలల ఒప్పందముతో కౌలుదారులకు కార్డులిచ్చు ఏర్పాటు చేసినది. కాని దానికి యజమాని సంతకము కావలెను. సంతకము పెట్టినచో భూమిమీద హక్కు ఏర్పడునేమోయని కొందరు యజమానులు జంకుదురు. ఆర్థిక ప్రణాళిక చదివిన యువకుడు ఇక్కడ చేయదగిన పని కలదు. ఆ ఒప్పందము సాగునకు మాత్రమే సంబంధించినదనియు, యాజమాన్యమునకు దానివలన భంగము లేదనియు చట్టము చెప్పు మాటను ఇరువురి ఎదుటను చదివి, తెలుగున విడమరచి చెప్పవచ్చును. ఒక్క సంతకము కుదిరినచో ఆ ఇంటికి ఏడాదికి పదివేలు మిగులును. ఏ మదుపు సాధనమును ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభము తెచ్చిపెట్టదు.

మూడవది ఆపత్కాలపు నిధి. మూడు మొదలు ఆరు నెలల ఇంటి ఖర్చును ఎప్పుడు కావలసిన అప్పుడు తీసికొనునట్లు వేరుగా ఉంచుకొనవలెనని ఈ శాస్త్రము మొదటి తరగతిలోనే బోధించును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలగు పేటలను ముంచెత్తినది. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము సముద్రమునకు పోయినది. నీరు ఇండ్లలో దినముల తరబడి నిలిచినది. ఆటో నడుపువాని ఆటో, కుట్టుపని చేయు స్త్రీ కుట్టుమిషను, చిల్లర దుకాణములోని సరకు, ఇవన్నియు బ్రతుకు తెచ్చిపెట్టు సాధనములు. అవి తడిసిననాడు ఆస్తియు పోయినది, రాబడియు ఆగినది. అట్టివారికి ఆరు నెలల ఖర్చు దాచుకొనుడని చెప్పుట సులభము, దాచుట కష్టము. అందుచేత సలహా చెప్పువాడు ఒక నెలతో మొదలిడవలెను. ఇల్లు, వాహనము, దుకాణపు సరకు వీనికి వరద వర్తించు బీమా ఉన్నదో లేదో ఆ పత్రమునే తెరచి చూడవలెను. బీమా ఉన్నదని తలచుట వేరు, పత్రములో వరద అను మాట ఉండుట వేరు.

బీమా మాట వచ్చినది కావున నాలుగవ ఉదాహరణము చెప్పుదుము. మన ఇండ్లలో జీవిత బీమా తరచు చుట్టరికము కొరకు తీసికొనబడును. ఏజంటు బావగారో, పినతండ్రి కుమారుడో అగును; కాదనుటకు నోరు రాదు. ఏడాదికి 24,000 రూపాయల చొప్పున ఇరువది సంవత్సరములు కట్టినచో చివరకు 9 లక్షలు వచ్చునను పత్రము ఒకటి ఉన్నదనుకొందము. కట్టినది 4,80,000, వచ్చునది 9 లక్షలు, దాదాపు రెట్టింపని సంతోషింతుము. విద్యార్థి కాలముతో కూడిన గణితమును వేసి చూచినచో అందలి వృద్ధి సంవత్సరమునకు ఐదున్నర, ఆరు శాతముల నడుమ ఉన్నట్లు తేలును. ధరలు ఏడాదికి 6 శాతము చొప్పున పెరిగినచో పన్నెండేండ్లలో రెట్టింపగును. నేడు 10 లక్షలు పట్టు చదువునకు అప్పుడు 20 లక్షలు కావలెను. అనగా ఆ పత్రము ధరలతో సమముగా నడచుటయు కష్టమే. ఇంటి యజమాని హఠాత్తుగా మరణించినచో కుటుంబమునకు ఎంత కావలెను అన్నది బీమా ప్రశ్న. పిల్లల చదువునకు ఎంత కూడబెట్టవలెను అన్నది మదుపు ప్రశ్న. ఈ రెంటిని విడదీసి చూపుటయే విద్యార్థి చేయవలసిన పని. బావగారిని నొప్పింపకుండ ఆ మాట చెప్పు నేర్పు పుస్తకమున దొరకదు, ఇంటిలోనే అలవడవలెను.

చీటీల విషయమును అట్టిదే. ఇరువదిమంది నెలకు 5,000 చొప్పున వేసిన చీటీలో లక్ష రూపాయలు పోగగును. అక్కర గలవారు 25,000 తగ్గించి పాడుకొన్నచో వారికి 75,000 ముట్టును. నిర్వాహకుని కమీషను 5,000 పోగా మిగిలిన 20,000 ఇరువదిమందికి పంచబడును. ఆ నెల తలకు 4,000 కట్టిన చాలును. ఇది మన పూర్వులు ఏర్పరచుకొన్న చక్కని పద్ధతి. అప్పు కావలసినవానికి అప్పు, పొదుపు కావలసినవానికి పొదుపు ఒకే పాటలో సమకూరును. 1982 నాటి చీటీల చట్టము దీనిని క్రమబద్ధము చేసినది. 2019 సవరణ నిర్వాహకుని కమీషను హద్దును 5 నుండి 7 శాతమునకు పెంచినది. రిజిస్ట్రారువద్ద నమోదైన చీటీకిని, వీధిలో నమ్మకముమీద నడచు చీటీకిని గల భేదము, ముందుగా పాడుకొన్నవారికి నిజముగా పడు వడ్డీ ఎంత అన్న లెక్క, ఈ రెండును విద్యార్థి తన తల్లికి చెప్పగలిగినచో ఆ చదువు ఫలించినట్లే.

ఇప్పుడు మిక్కిలి బాధాకరమైన ఉదాహరణమునకు వత్తుము. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ పలు రాష్ట్రములలో సుమారు 32 లక్షల ఖాతాదారులనుండి దాదాపు 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసినట్లు దర్యాప్తు సంస్థలు తెలిపినవి. 2015 నాటికి చెల్లింపులు నిలిచిపోయి కేసులు మొదలైనవి. కట్టినవారిలో రోజుకూలీలు, చిరువ్యాపారులు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు కలరు. కట్టించినవారును చాలవరకు ఇరుగుపొరుగువారే; తమ మాటమీద కట్టిన బంధువులకు ముఖము చూపలేక వారును కుమిలిపోయినారు. రాష్ట్ర ప్రభుత్వము 2019లో పదివేల రూపాయలలోపు, 2021లో ఇరువదివేలలోపు కట్టినవారికి కొంత సొమ్ము చెల్లించినది. కాని ఆ నడుమ ఆగిన పెండ్లిండ్లకు, విడిచిన చదువులకు పరిహారము లేదు.

ఈ సంస్థ సొమ్ము వసూలు చేయుచున్న దినములలో విజయవాడలో వాణిజ్య పట్టభద్రులు లేకపోలేదు. ఆ విద్య ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. వచ్చియుండినచో ఎవరో ఒకరు మూడు ప్రశ్నలు అడిగియుందురు. సొమ్ము వసూలు చేయుటకు ఈ సంస్థకు అనుమతి ఇచ్చినదెవరు? రిజర్వు బ్యాంకా, సెబీయా, బీమా నియంత్రణ సంస్థయా? ఆ సంస్థ జాబితాలో దీని పేరు కనుపించుచున్నదా? ఇది మొదటిది. ఇచ్చెదమనుచున్న లాభము ఏ వ్యాపారమునుండి పుట్టుచున్నది? ఇది రెండవది. రేపే నా సొమ్ము నాకు కావలెనన్నచో ఎవరు, ఎంత, ఎన్ని దినములలో ఇత్తురు? ఇది మూడవది. బ్యాంకు డిపాజిటునకు ఈ ప్రశ్నలన్నిటికిని సమాధానము కలదు. బ్యాంకు మూతపడినను ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారునకు 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. ఈ హద్దు 2020 ఫిబ్రవరిలో లక్షనుండి ఐదు లక్షలకు పెంచబడినది. సమాధానము దొరకని చోట సొమ్ము పెట్టరాదు. ఈ మాట చెప్పుటకు పట్టము అక్కరలేదు. కాని చుట్టములందరు ఒకవైపు చేరినప్పుడు ధైర్యముగా నిలిచి చెప్పుటకు శాస్త్రము చేయూతనిచ్చును.

సలహా చెప్పువానిని సైతము ఒక ప్రశ్న అడుగవలెను: "అయ్యా, మీకు సొమ్ము ఇచ్చువారెవరు?" ఏజంటునకు కంపెనీ కమీషను ఇచ్చును. నమోదైన పెట్టుబడి సలహాదారునకు సలహా కోరినవారే రుసుము ఇత్తురు. ఏజంటు పని తప్పు కాదు. చాలమంది నిజాయితీపరులు ఆ వృత్తిలో కలరు. కాని ఎవరి ఉప్పు తిన్నవారు వారి మాట మాటలాడుట లోకసహజము. వైద్యునకు రుసుమిచ్చు మనము ధనము విషయమున సలహాకు రుసుమిచ్చుటకు వెనుకాడుదుము. అందుచేత మన ప్రాంతమున ఈ వృత్తి పట్టినవారికి మొదటి సంవత్సరములు కష్టముగానే గడచును. తలిదండ్రులు ఈ సంగతి ముందుగా తెలిసికొనుట మంచిది. పట్టము రాగానే కార్యాలయము తెరచి కూర్చుండుటకంటె, బ్యాంకులోనో, బీమా సంస్థలోనో, ఆడిటరు వద్దనో కొన్నేండ్లు పనిచేసి లోకము చూచిన పిమ్మట స్వతంత్రించుట శ్రేయస్కరము.

మరియొక హెచ్చరిక చేయవలసియున్నది. కొందరు విద్యార్థులు ఫోనులో వాటాల బేరములు, ముఖ్యముగా ఫ్యూచర్లు, ఆప్షనులు అనబడు బేరములు చేయుటయే ఆర్థిక విద్య అని భ్రమించుచున్నారు. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము 2021-22 మొదలు 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో అట్టి బేరములు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయినారు. వారందరి నష్టము కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. కళాశాలలో చేరిన పిల్లవాడు తాను ఆర్థికశాస్త్రము చదువుచున్నానని చెప్పి తండ్రి దాచిన పంటసొమ్మును ఇట్టి బేరములలో పెట్టినచో, అతడు చదువుచున్నది ఆ శాస్త్రము కాదని పెద్దలు గ్రహింపవలెను.

వారసత్వమును గూర్చియు రెండు మాటలు చెప్పుదుము. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును మన రాష్ట్రము 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు చట్టము చేసి ఇచ్చినది. 2005లో దేశమంతటికిని ఆ హక్కు వచ్చినది. కట్నముతో ఆమె వాటా తీరినదను మాట నేటికిని కొన్ని ఇండ్లలో వినవచ్చుచుండును. అది చట్టమునకు సమ్మతము కాదు. అట్లే నామినీగా పేరు వ్రాసినంత మాత్రమున ఆ సొమ్ము నామినీ సొంతమగునని చాలమంది నమ్ముదురు. సాధారణముగా నామినీ సొమ్మును అందుకొనువాడే కాని హక్కుదారుడు కాడు. వాటాల విషయమున సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఈ మాటను స్పష్టము చేసినది. ఎవరికి ఏమి చెందవలెనో వీలునామా వ్రాయుట అపశకునమని భావింపరాదు. ఇంటి పెద్ద బ్రతికియుండగా తెలివితో వ్రాసిన ఒక్క కాగితము అన్నదమ్ముల నడుమ పదేండ్ల వ్యాజ్యమును తప్పింపగలదు.

ఈ చదువునకు ఇంటివారు చేయదగిన సాయమేమి? ఫీజు కట్టుటతో వారి బాధ్యత తీరదు. ఇంటి పద్దు పుస్తకమును పిల్లవాని చేతికి, అంతకంటె ముఖ్యముగా ఆడపిల్ల చేతికి, ఇయ్యవలెను. అప్పు ఎంత, వడ్డీ ఎంత, బంగారము ఏ బ్యాంకులో కుదువ ఉన్నది, పత్రములు ఏ పెట్టెలో ఉన్నవి అను సంగతులు పిల్లలకు చెప్పుట మన ఆచారము కాదు. చిన్నపిల్లల కెందుకని దాతుము. ప్రసారముల నిమిత్తము మేము కుటుంబములతో మాటలాడునపుడు తరచు గమనించు సంగతి యొకటి కలదు: ఇంటి అప్పు ఎంతయో ఆ ఇంటి గృహిణికి కూడ పూర్తిగా తెలియదు. తెలియని అప్పునకు ప్రణాళిక వేయుట ఎవరికిని సాధ్యము కాదు.

కళాశాలలు చేయదగిన పనియు కలదు. 2020-21 మొదలు మన రాష్ట్ర పట్టవిద్యలో విద్యార్థులు గ్రామములకు పోయి చేయు సమాజసేవా ప్రాజెక్టును, సంస్థలలో పొందు అభ్యాస శిక్షణను చేర్చినారు. వాణిజ్య విద్యార్థులు ఆ ప్రాజెక్టులో ఒక్కొక్కరు ఐదు గృహముల రాబడి వ్యయములను పన్నెండు నెలల పట్టికగా తెలుగున వ్రాసి, ఆ ఇంటివారికే చదివి వినిపించినచో అంతకు మించిన ప్రయోగశాల ఉండదు. ఉయ్యూరు చెరకు రైతు పట్టిక ఒక తీరుగా ఉండును, కైకలూరు చేపల చెరువుల పట్టిక మరియొక తీరుగా ఉండును, ఆటోనగర్ మెకానిక్కు పట్టిక వేరొక తీరుగా ఉండును. వీనిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన విద్యార్థి నెల జీతపు లెక్కను అందరికిని అంటగట్టడు.

కావున పిల్లలను ఈ చదువునకు పంపదలచిన తలిదండ్రులు నిస్సంకోచముగా పంపవచ్చును. గొప్ప ధనము వెంటనే వచ్చునను ఆశతో మాత్రము పంపవలదు. మూడు నాలుగేండ్లు చదివిన పిమ్మట మీ కుమార్తెయో కుమారుడో మీ ప్రక్కన కూర్చుండి, "నాన్నా, ఆ కాగితము ఒకసారి చూపుము. దీనికి అనుమతి ఇచ్చినదెవరో చూతము" అని అడుగునప్పుడు కోపగించుకొనక చూపుడు. మీరు ఫీజు కట్టి చదివించినది ఆ ప్రశ్న కొరకే.